సైటు ఎవరి పేరున రాయాలి: పాడేరులో హోస్టింగ్ అమ్మిన పదహారేళ్లు

పాడేరు మెయిన్ రోడ్డులో పదహారేళ్లు కూర్చుని వెబ్‌సైట్లకు చోటు అమ్మాను. ఈ పని మంచిచెడ్డలు ఏమిటని ఇన్నేళ్లలో నన్ను అడిగిన అధికారి లేడు, పత్రికవాడు లేడు. పోయిన ఏడాది ఇక్కడే కుర్రకారుకు రెండు రోజుల శిక్షణ పెట్టారు. ‘హోస్టింగ్ రీసెల్లర్ కండి, పెట్టుబడి అక్కర్లేని వ్యాపారం’ అని బ్యానరు కట్టారు. చెప్పడానికి విశాఖపట్నం నుంచి ఒకాయనను కారులో తెచ్చారు. ఆయన జన్మలో ఒక్క మనిషికి కూడా సైటు అమ్మలేదని మొదటి పావుగంటలోనే తెలిసిపోయింది. పిలవకపోయినా వెళ్లి వెనక వరసలో కూర్చున్నాను. చివర్లో చెయ్యెత్తితే నిర్వాహకుడు చూసి, "జిరాక్స్ షాపు పెద్దాయన కదా? టీ తర్వాత చూద్దాం సార్" అన్నాడు. నా షాపులో జిరాక్స్ మిషను కూడా ఉండేది, ఆయనకు కనబడింది అదొక్కటే. టీ తర్వాత గ్రూపు ఫొటో తీశారు. ఆ ఫొటో ఇప్పటికీ వాళ్ల గోడ మీద ఉంది. అందులో నా కుడి భుజం కనబడుతుంది.

బయటికి వచ్చాక, శిక్షణకొచ్చిన ఒక గుంట జీపు ఎక్కుతూ అడిగింది: "బాబాయ్, నువ్వు సేసినావంట కదా. సెయ్యొచ్చా ఈ పని?" నేను నోరు తెరిచేలోపు జీపు కదిలింది. ఆ అమ్మాయికి చెప్పవలసింది ఇక్కడ రాస్తున్నాను. చెయ్యొచ్చు. నేను చేశాను, సుఖంగానే బతికాను, ఇప్పుడు తృప్తిగానే ఇంట్లో కూర్చున్నాను. కాకపోతే మొదలుపెట్టే ముందు చూసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. అవి బ్యానరు మీద రాయరు.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. జి.కె. వీధి మండలం అవతల కొండల్లో ఒక కాఫీ రైతుల సంఘం ఉంది. వాళ్ల సైటు పేరు, అంటే వాళ్ల కాఫీ ప్యాకెట్ల మీద అచ్చయిన చిరునామా, ఇప్పటికీ నా పేరున ఇరుక్కుని ఉంది. దాని గడువు ఈ కాఫీ కోతలు అయ్యేలోపు తీరిపోతుంది. ఈలోగా అది వాళ్ల పేరుకి మారకపోతే ఎవడైనా కొనుక్కోవచ్చు. అది నా తప్పుతో మొదలైంది. ఆ తప్పు సంగతి చెప్పకుండా మీకు సలహాలివ్వడం న్యాయం కాదు.

చిల్లర వ్యాపారం

మాది మాడుగుల. మా నాన్న టోకున బట్టల తానులు కొని, మూట కట్టుకుని ఘాట్ రోడ్డెక్కి, సంతల్లో ముక్కలు కోసి అమ్మేవాడు. నేను చేసిందీ అదే. ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్లలో చోటు ఒక కంపెనీ దగ్గర టోకున తీసుకుని, ఇక్కడి లాడ్జీలకు, బడులకు, సంఘాలకు చిల్లరగా ఇచ్చాను. దాన్నే రీసెల్లింగ్ అంటారు. ఒకటే తేడా. మా నాన్న అమ్మిన సరుకు ఆయన భుజం మీద ఉండేది. నేను అమ్మినదాన్ని నేనెప్పుడూ చూడలేదు.

కస్టమర్ దృష్టిలో మీరే కంపెనీ. కంపెనీ దృష్టిలో మీరూ ఒక కస్టమరే, అదీ చిన్న కస్టమర్. ఈ రెండు వాక్యాల మధ్య మీ జీవితం గడుస్తుంది. అక్కడ కూర్చోగలిగిన ఓపిక ఉంటేనే రండి.

పైవాడిని ముందు పరీక్షించండి

అరకులో సూర్యారావు అని ఒక లాడ్జీ యజమాని. చోడవరం నుంచి వచ్చి స్థిరపడ్డాడు. పొగమంచు కాలంలో, గదులన్నీ నిండే రోజుల్లో, ఒక శనివారం పొద్దున్న ఆయన సైటు ఆగిపోయింది. నేను కంపెనీకి ఫిర్యాదు రాశాను. దాన్ని వాళ్లు టిక్కెట్టు అంటారు. నంబరు వచ్చింది, మనిషి రాలేదు.

సూర్యారావు ఫోను చేశాడు. "ఏవయ్యా, నా సైటేదీ?"

"సర్వర్ ఆగిందండీ. పది నిమిషాల్లో వచ్చేస్తుంది."

"ఆ సర్వర్ ఎక్కడుంది?"

"ముంబయిలో అనుకుంటానండీ."

"అనుకుంటావా? నీ సరుకు ఎక్కడుందో నీకే తెలీదా? మీ నాన్న బట్టలు నయం, మూటలో కనబడేవి."

ఆ రోజు ఆయన తొమ్మిదిసార్లు ఫోను చేశాడు. తొమ్మిదిసార్లూ పది నిమిషాలన్నాను. సోమవారానికి సైటు వచ్చింది. కంపెనీ నుంచి జవాబూ వచ్చింది: మీ సమస్య పరిష్కారమైంది, మా సేవకు ఎన్ని నక్షత్రాలిస్తారు అని. ఒకటిచ్చి, ఎందుకిచ్చానో అర పేజీ రాశాను. దానికి జవాబు లేదు. సూర్యారావు మాత్రం ఈ కథ ఇప్పటికీ లాడ్జీకొచ్చిన వాళ్లకు చెబుతున్నాడు. పోయిన నెల కూడా చెప్పాడట. నాకు చెప్పినవాళ్లున్నారు.

అయితే ఆయన అడిగిన ప్రశ్న సరైనదే. సర్వర్ ఎక్కడుందో, అది ఆగితే ఎవరు లేపుతారో నాకు తెలియదు. తెలియదని చెప్పకుండా పది నిమిషాలని చెప్పడం నా తప్పు. మీరు డబ్బు కట్టే ముందు ఒక పని చెయ్యండి. ఆదివారం పొద్దున్న ఆ కంపెనీకి ఒక తెలివితక్కువ ప్రశ్న రాయండి. ఎంతసేపటికి జవాబొస్తుందో, మనిషి రాస్తాడో యంత్రం రాస్తుందో చూడండి. అమ్మేటప్పుడు ఫోనెత్తేవాడు వేరు, ఆగినప్పుడు ఎత్తేవాడు వేరు. మీరు చూడవలసింది రెండోవాడిని.

నాకు కంపెనీ తరఫున ‘మీ మేనేజర్’ అని ఒకరు ఉండేవారు. ఆరు నెలలకొకరు మారేవారు. ప్రతి ఒక్కరూ మొదటి ఫోనులో "మీది ఏ ఊరు సార్" అని అడిగేవారు. పాడేరు అంటే, "అది ఎక్కడ సార్" అనేవారు. ఒకాయన మాత్రం, పేరు రాయను, నాలుగు నెలలు ఉండి, నా ఫిర్యాదులన్నీ వరసగా చదివి, "మీరు చెప్పినవాటిలో సగం మా తప్పే" అన్నాడు. ఆయన్ని వెంటనే వేరే శాఖకు మార్చేశారు. ఆయన ఎక్కడున్నా బాగుండాలి.

అన్‌లిమిటెడ్ అనే మాట

ఆ మాట కంపెనీవాళ్లు నాకు అమ్మారు, నేను ఇతరులకు అమ్మాను. ఒక హైస్కూలు హెడ్‌మాస్టరు దాన్ని నమ్మి వార్షికోత్సవం ఫొటోలన్నీ, ఒక్కటి కూడా వదలకుండా, సైటులో పెట్టారు. చోటుకు హద్దు లేదు గాని ఫైళ్ల లెక్కకు హద్దుందని కంపెనీవాళ్లు అప్పుడు చెప్పారు. సైటు బిగుసుకుపోయింది. సరిచేయబోయి వాళ్లే తుడిచేశారు. నకలు ఉందా అంటే ఉందన్నారు. ఎక్కడుందంటే, అదే సర్వర్‌లో.

హెడ్‌మాస్టరు గారు నన్ను ఒక్క మాట అనలేదు. "పర్లేదండి, పిల్లలు మళ్లీ డాన్సు చేస్తారు" అన్నారు. తిట్టినవాళ్లను మర్చిపోలేదు సరే, తిట్టని ఆయన్నీ మర్చిపోలేకపోయాను. ఆ వారమే ఒక హార్డ్ డిస్కు కొని, ప్రతి ఆదివారం అందరి సైట్ల నకళ్లు నా బీరువాలో పెట్టడం మొదలుపెట్టాను. మీరు మొదటి రోజునుంచే పెట్టండి. పైవాడు చేస్తున్నాడన్న మాట నమ్మకండి.

నా అసలు తప్పు

సైటుకు చోటు ఒకటి, పేరు ఒకటి. పేరును డొమైన్ అంటారు. అది ఎవరి పేరున నమోదైతే సైటు వాళ్లది. చోటు ఇవాళ ఇక్కడ, రేపు ఇంకోచోట తీసుకోవచ్చు. పేరు పోతే అంతా పోయినట్టే.

నమోదు చేసేటప్పుడు ఫోనుకు ఓటీపీ వస్తుంది, మెయిలుకు ఉత్తరం వస్తుంది. మా కస్టమర్లలో సగంమంది ఊళ్లలో సిగ్నల్ లేదు. ఏ టవరు అందితే ఆ సిమ్ము వేసుకుంటారు, కాబట్టి నంబరు కూడా నిలవదు. ఓటీపీ కోసం వాళ్లను పాడేరులో కూర్చోబెట్టలేను. అందుకని అందరికీ నా నంబరు, నా మెయిలు, చివరికి యజమాని అన్న గడిలో నా పేరు రాసేశాను. నలభై రెండు సైట్లు. పని బేగి అయిపోయేది. ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు. అందులో నాకు దురుద్దేశం లేదు. ఆ మాట అప్పట్లో నాకు పెద్ద సమాధానంలా ఉండేది.

ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. నాలాంటి పల్లపు ప్రాంతంవాడి, గిరిజనుడు కానివాడి పేరున ఏజెన్సీలో సెంటు భూమి రాయడానికి చట్టం ఒప్పదు. పదహారేళ్లూ అద్దె గదిలోనే ఉన్నాను. గోడకు సున్నం వెయ్యాలన్నా గదివాళ్లను అడగాలి. దాని మీద నాకు చాలా ఉక్రోషం ఉండేది, కనబడినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి.

ఒక సంత రోజు కాఫీ సంఘం అధ్యక్షురాలు సోమెలి, ఇంకో నలుగురు ఆడవాళ్లతో షాపుకు వచ్చింది. నాకంటే కొంచెం చిన్నది. ఇక్కడి పెద్దవాళ్లు ఎవరినైనా నువ్వనే అంటారు, అందులో అమర్యాద ఏమీ లేదు. నన్ను అందరిలాగే షావుకారు అంటుంది. సంచిలోంచి కాఫీ ప్యాకెట్ తీసి బల్ల మీద పెట్టి, కింద అచ్చేసిన సైటు పేరు మీద వేలు ఆనించింది.

"షావుకారూ, ఇది ఎవులిది?"

"మీదే."

"మాదైతే నీ పేరేటి ఉంది?"

జరిగింది ఇది. బెంగళూరులో కాఫీ కొనే ఒక సంస్థ వీళ్లతో ఏటా సరుకు తీసుకునే ఒప్పందం రాయడానికి సిద్ధమైంది. రాసే ముందు అన్నీ సరిచూసుకుంటే సైటు పేరు సంఘానిది కాదని తేలింది. అది మీ పేరున ఉంటేనే సంతకం పెడతామన్నారు.

"పాడేరులో ఈ మనిసెవరు, మీ ఆయనా అని అడిగినాడు ఆ బెంగళూరోడు" అంది వెనకున్న ఆవిడ. నలుగురూ నవ్వారు.

"నాకేటి కర్మ, ముసిలోడు" అంది సోమెలి, నవ్వకుండా.

నేను ఓటీపీ సంగతి, సిగ్నల్ సంగతి, సిమ్ముల సంగతి అంతా చెప్పాను. పని తొందరగా అవ్వాలనే అలా చేశానన్నాను. ఆవిడ చివరిదాకా విన్నది. తర్వాత అంది:

"మా తాత భూమీ అలగే పోనాది. నీకు సదువు రాదు, నా పేరున ఉండనీ, పన్లు బేగి అవుతాయి అన్నాడు కిందనుంచి వచ్చినోడు. ఆడూ మంచోడే."

ఆ భూమి చట్టం ఎందుకు పెట్టారో నాకు పదహారేళ్లలో ఇంత తేలిగ్గా ఎవరూ చెప్పలేదు. ఆ రోజు తర్వాత గది గురించి నేను గొణగలేదు. మా ఆవిడ దీనికి సాక్ష్యం చెబుతుంది.

"మార్చేస్తాను, నెల రోజుల్లో" అన్నాను.

"కాయితం మీద రాసియ్యి" అంది. రాసిచ్చాను.

రెండో తప్పు

నలభై రెండు పేర్లూ ఎవరివి వాళ్లకు మార్చడానికి బయల్దేరాను. ఒకసారి తప్పని తెలిశాక ఒక్క సోమెలిది మార్చి మిగతావి ఉంచుకోవడం కుదరదు. మార్చాలంటే కొత్త యజమాని ఫోనుకు ఓటీపీ రావాలి, అది ఐదు నిమిషాల్లో కొట్టాలి. పాడేరు ఊళ్లోవి మొదటి వారంలో అయిపోయాయి. తర్వాత అరకు రోడ్డు మీదివి. సూర్యారావుది కూడా మార్చాను. "నా సైటు ఇన్నాళ్లూ నీదా?" అని ఇంకో కథ మొదలుపెట్టాడు.

సోమెలి ఊరు చివరికి పెట్టుకున్నాను. జీపు దిగి గంట నడవాలి, సిగ్నల్ లేదు, వానలు. దగ్గరవి ముందు అయిపోతే అది తీరిగ్గా చూద్దామనుకున్నాను. నెలని రాసిచ్చినవాణ్ణి మూడు నెలలకు వెళ్లాను. ఆఫీసులవాళ్లు కొండ ఊళ్లకు చేసేది ఇదే. దాన్ని ఎన్నోసార్లు తిట్టినవాణ్ణే నేనూ చేశాను. ఇదే నా పదహారేళ్లలో పెద్ద తప్పు. మొదటిది తెలియక చేశాను, ఇది తెలిసి చేశాను.

వెళ్లిన రోజు సోమెలి ఏమీ అడగలేదు. "తిన్నావా?" అంది. తిన్నాక ఊరి వెనక మెట్ట ఎక్కించింది. పైన ఒక బండ ఉంది, ఊరు మొత్తం ఫోన్లు అక్కడే మాట్లాడతారు. నేను ల్యాప్‌టాప్‌తో ఆ చివర, ఆవిడ ఫోను పైకెత్తి ఈ చివర. ఊళ్లోవాళ్లు చూడటానికి వచ్చారు.

"వచ్చిందా?"

"రాలేదు."

"వచ్చిందా?"

"కంపెనీవోడు పెళ్లికూతురేటి, ఇంతసేపు ముస్తాబవుతున్నాడు?" అంది చూడటానికి వచ్చినవాళ్లలో ఒకావిడ.

మొదటి నంబరు పది నిమిషాలకు వచ్చింది. గడువు ఐదు. రెండోదీ అంతే. మూడోసారి తప్పు కొట్టారని ఆ పేరును వారం రోజులు బిగించేశారు. వారం తర్వాత మళ్లీ వెళ్దామని దిగాను.

ఆ వారంలోనే పై కంపెనీ ఇంకో కంపెనీకి అమ్ముడుపోయింది. నేను సైట్లన్నీ చూసుకునే పాత తెర మూసేశారు. నలభై ఒకటి వాటి వాటి యజమానుల పేరున చక్కగా కొత్త తెరలోకి వెళ్లాయి. బిగించి ఉన్న ఒక్కటీ ఎక్కడా కనబడలేదు, కనబడనిదానికి డబ్బు కట్టి గడువు పొడిగించడానికీ వీల్లేదు. మూడు నెలలు ముందు వెళ్లి ఉంటే అది కూడా వెళ్లేది.

కొత్త కంపెనీకి రాశాను. జవాబు వచ్చింది: ఈ పేరు ఒక రీసెల్లర్ కింద ఉంది, దయచేసి మీ రీసెల్లర్‌ను సంప్రదించండి. ఆ రీసెల్లర్‌ను నేనేనని రాశాను. దయచేసి మీ రీసెల్లర్‌ను సంప్రదించండి అన్నారు. సరే అని నా షాపు మెయిలుకు నేనే ఒక ఉత్తరం రాసి, నాకు నేనే జవాబిచ్చాను. నిమిషంలో ఇచ్చాను. ఆ జవాబు కూడా జతచేసి పంపాను. ఇప్పటికి ఇరవై మూడు టిక్కెట్లయ్యాయి.

"ఏటండీ, ఆ కంపెనీవోడు మీకు మేనల్లుడా, రోజూ ఉత్తరాలు రాస్తన్నారు?" అంటుంది మా ఆవిడ.

చెయ్యొచ్చా అంటే

షాపు పోయిన ఏడాది మూసేశాను. నేను అమ్మిన సైట్లలో చాలావరకు ఇంకా నడుస్తున్నాయి. హెడ్‌మాస్టరు గారి బడి పిల్లలు నిజంగానే మళ్లీ డాన్సు చేశారు, ఆ ఫొటోలు నా బీరువాలో రెండు చోట్ల ఉన్నాయి. పొద్దున్న రోడ్డు మీదికి వెళితే టీ డబ్బులు ఇవ్వనివ్వనివాళ్లు నలుగురైదుగురున్నారు. ఒక మనిషికి ఇంతకంటే ఏం కావాలి.

కాబట్టి అమ్మాయీ, చెయ్యి. నడిచి వెళ్లగలిగినంత దూరంలో ఉన్నవాళ్లకే అమ్ము. తెలియనిది తెలియదని చెప్పు. యజమాని గడిలో నీ పేరు రాయకు, ఎంత ఆలస్యమైనా సరే. కంపెనీ మారిపోతే కస్టమర్లను నీ వెంట ఎలా తీసుకెళ్లాలో మొదటి రోజే అడిగి, రాతపూర్వకంగా తీసుకో. దూరపువాళ్ల పని ముందు చెయ్యి. దగ్గరివాళ్లు ఎలాగూ షాపుకొచ్చి తిడతారు. దూరపువాళ్లు రారు.

బెంగళూరు సంస్థ ఈ కోతలయ్యే వరకు ఆగుతానంది. ఆ తర్వాత ఆగదు. వాళ్లను తప్పుపట్టలేను. సోమెలి నన్ను ఇప్పటికీ ఏమీ అడగదు, సంతలో కనబడితే నేను రాసిచ్చిన కాగితం సంచిలో ఉందని మాత్రం చెబుతుంది.

కొత్త కంపెనీవారికి ఇది నా ఇరవై నాలుగో ఉత్తరం. ఇక్కడ అందరి ముందూ రాస్తున్నాను కనుక చూడలేదనడానికి వీల్లేదు. నాకు క్షమాపణ అక్కర్లేదు, నక్షత్రాలు అడగకండి. రీసెల్లర్‌ను సంప్రదించమని మాత్రం ఇంకోసారి అనకండి, ఆయన దగ్గరనుంచే ఈ ఉత్తరం. ఆ పేరు తాళం తీసి, యజమాని గడిలో సంఘం పేరు రాసి, ఓటీపీ సోమెలి ఫోనుకు పంపండి. గడువు ఐదు నిమిషాలు కాదు, గంట పెట్టండి. పంపే ముందు రోజే మనిషన్నవాడు ఎవరో ఒకరు నాకు ఫోను చేసి చెప్పండి. ఆ ఊరికి నేను వెళ్లి చెప్పాలి, ఆవిడ మెట్ట ఎక్కడానికి ఇంకో అరగంట పడుతుంది. నా నంబరు మీ దగ్గరుంది, పదహారేళ్లుగా మార్చలేదు. ఎప్పుడు చేస్తున్నారు?